వారంటీ ఖైరాత్ కాదు

మా బేటా ఈదీ పైసలన్నీ జమచేసి మోడల్ విమానానికి గ్లో ఇంజను కొన్నాడు. రెండో ట్యాంకుకే బేరింగు గరగరలాడింది. "విప్పి చూద్దామా అబ్బా?" అన్నాడు. వద్దన్నాను. విప్పితే షక్ మన మీదికే వస్తుంది. వాడి మొదటి సౌదా ఇది, దునియా మీద ఏత్‌బార్ పోకూడదని నా ఫికర్.

మిథనాల్ ఇంధనంలో నూనె 20 శాతం, నైట్రో 10 శాతం, ప్రొపెల్లర్ సైజు, తిప్పిన నిమిషాలు, అన్నీ సాఫ్‌గా రాయించి, రసీదు నకలుతో ఇంజను పంపాం. దుకాణదారు హుజ్జత్ చేయలేదు. బేరింగు మార్చి పంపాడు.

అందరూ అలా ఉండరు. అడ్డం తిరిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన 2 ఏళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. మన వైపు ఇమాన్‌దారీ ఉంటే గిడగిడలాడక్కర్లేదు. వారంటీ ఖైరాత్ కాదు, మన హక్.