మంగుమచ్చలకు లేజరు చికిత్స: ముందుగా అడగవలసిన ప్రశ్నలు

నాలుగు దశాబ్దములు రోగులను చూసిన వైద్యుడిని నేను. ప్రశ్నలు అడగడమే నా వృత్తి. అయినా నా మేనకోడలు ఒకసారి ఫోనులో సలహా అడిగితే తిరిగి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ తప్పే ఈ వ్యాసమునకు కారణము.

ఆమె ఉపాధ్యాయురాలు. రెండవ కాన్పు తరువాత ఆమె చెంపల మీద మంగుమచ్చలు ఏర్పడ్డాయి. మరిది పెళ్ళి నెల రోజులలో ఉందనగా, "మామయ్యా, లేజరు చేయించుకుందామనుకుంటున్నాను, ఫరవాలేదా?" అని అడిగింది. "ఈ రోజుల్లో అది మామూలేనమ్మా, చేయించుకో" అన్నాను. అది ఏప్రిల్ నెల. పదవ తరగతి జవాబుపత్రములు దిద్దడానికి ఆమె రోజూ స్కూటరు మీద ఎండలో వెళ్ళి వస్తున్నది. అంతకు ముందు ఏడాదిగా మందుల దుకాణములో అడిగి కొనుక్కున్న ఒక క్రీము రాస్తున్నది. ఆ సంగతులు నేను అడగలేదు, లేజరు చేసినవారూ అడగలేదు. మూడు వారముల తరువాత పెళ్ళిలో చూస్తే మచ్చలు మునుపటి కంటె నల్లగా ఉన్నాయి. "మీరు సరే అన్నారనే వెళ్ళాను మామయ్యా" అన్నది, నిష్ఠూరమేమీ లేకుండానే. నాకు సమాధానము తోచలేదు.

అలా ఎందుకు జరిగిందో మీరు తెలుసుకోవాలి. చర్మమునకు రంగునిచ్చే పదార్థము మెలనిన్. ఒక ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యము గల కాంతిని అతి స్వల్పకాలము ప్రసరింపజేస్తే, చుట్టుప్రక్కల కణజాలమునకు పెద్దగా హాని లేకుండా మెలనిన్ రేణువులను మాత్రమే ఛేదించవచ్చునని 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికా వైద్యులు వివరించారు. మచ్చలకు నేడు తరచు వాడే క్యూ స్విచ్డ్ ఎన్‌డి యాగ్ లేజరులో ఒక్కొక్క కాంతిస్పందన సెకనులో వందకోట్లవ వంతులు కొన్ని మాత్రమే ఉంటుంది. అయితే లేజరుకు మచ్చలోని మెలనినూ, మామూలు చర్మములోని మెలనినూ ఒకటే. మన వంటి చామనఛాయ చర్మములో, అందునా ఎండకు కమిలిన చర్మములో, ఆ వేడి వలన తాపము కలిగి, వర్ణకణములు రెచ్చిపోయి మరింత మెలనినును తయారుచేస్తాయి. చికిత్సకై వెళ్ళినవారికి కొత్త నలుపు వచ్చేది ఇందువలననే.

కాబట్టి మొదటి ప్రశ్న: ఆ మచ్చ ఏమిటి? పుట్టుకతోనో, యౌవనములోనో కంటి చుట్టూ కనిపించే నీలిమచ్చ లేజరుకు బాగా లొంగుతుంది. మంగు అలా కాదు. దానికి ఎండ నుంచి రక్షణ, పూతమందులు మొదటి చికిత్సలు. లేజరు ఆ తరువాతి మాట, పైగా తగ్గిన మంగు తిరిగి రావచ్చు. మెడ వెనుక మఖమలువలె మందమై నల్లబడితే లేజరు కంటె ముందు రక్తములో చక్కెర పరీక్ష అవసరము. పెరుగుతున్న మచ్చ, అంచులు వంకరగా ఉన్న మచ్చ, రక్తము స్రవించే మచ్చ అయితే ముక్క తీసి పరీక్షించకుండా దాని మీద లేజరు ప్రయోగించకూడదు.

రెండవ ప్రశ్న: మీరేమి వాడుతున్నారు? దుకాణములలో సులభముగా దొరికే తెల్లబరచే క్రీములు అనేకములలో స్టీరాయిడు ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మము పలుచబడుతుంది. ఆ గొట్టము దాచకుండా తీసుకువెళ్ళి వైద్యునికి చూపండి. గర్భనిరోధక మాత్రలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, డాక్సీసైక్లిన్ వంటి మందుల గురించి తప్పక చెప్పండి. జ్వరము వచ్చినపుడు పెదవుల మీద నీటిపొక్కులు వచ్చే అలవాటుంటే అదీ చెప్పాలి; లేజరు వేడికి అవి మళ్ళీ విజృంభించవచ్చు, ముందుగా మాత్రలతో నివారించవచ్చు. గాయము మానినచోట కండ పెరిగే స్వభావమున్నవారూ, గర్భవతులూ ఆ విషయము దాచరాదు.

మూడవది ఎండ. చికిత్సకు కనీసము నాలుగు వారముల ముందు నుంచి ఎస్‌పిఎఫ్ 30 గాని, అంతకు మించినది గాని ప్రతి ఉదయమూ రాసి, బయట ఉంటే రెండు మూడు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. ముఖమునకు, మెడకు కలిపి రెండు వ్రేళ్ళ పొడవునా పిండినంత పూత కావాలి. మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడు కలిసిన రంగు పూత మేలు, కంటికి కనిపించే కాంతిని కూడా అది కొంత అడ్డుతుంది. గొడుగు, వెడల్పు చెంగు మరువవద్దు. వీలైతే వేసవిని దాటనిచ్చి చలికాలములో మొదలుపెట్టండి. పెళ్ళి నెలలో ఉందనగా మాత్రము మొదలుపెట్టకండి.

వారము, పది రోజుల ముందు నుంచి బ్లీచి, వాక్సింగు, నలుగు రుద్దుకోవడము మానాలి. ట్రెటినాయిన్ వంటి పూతలను ఎప్పుడు ఆపాలో వైద్యుడు చెబుతారు. ఆ రోజున పసుపు, పౌడరు, కాటుక లేని శుభ్రమైన ముఖముతో వెళ్ళండి. కళ్ళకు రక్షణ కవచము పెట్టకుండా ముఖము మీద లేజరు చేయనీయకండి. ముందుగా చెవి దగ్గర చిన్న చోట ప్రయోగించి, కొన్ని వారములు ఆగి చూడమని మీరే కోరండి. తొందరేమిటని అడిగే వైద్యుడే మంచి వైద్యుడు.

నా మేనకోడలికి ఆ కొత్త నలుపు తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. చర్మవ్యాధి నిపుణుడైన నా మిత్రుడు ఆ క్రీమును క్రమముగా మాన్పించి, ఎండ పూతతోను, పూతమందులతోను నయము చేశాడు. మంగు ఛాయ కొంత మిగిలింది. మళ్ళీ లేజరు వద్దనుకున్నది. ఇప్పుడు ఆమె ఏ మందు గురించి అడిగినా, ముందు నేను నాలుగు ప్రశ్నలు వేస్తాను. "మామయ్య పరీక్ష పెడుతున్నాడు" అని నవ్వుతుంది. ఆ పరీక్ష ఆనాడే పెట్టవలసినది.