పేర్లకు ముందు పునాది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ కాలానికి మూడవది కూడా చేర్చవచ్చు: డైరెక్టరీ సర్వరు పెట్టి చూడు. తక్కిన రెండింటిలాగే ఇందులోనూ శ్రమంతా ముహూర్తానికి ముందే ఉంటుంది.

నా పూర్వ విద్యార్థి ఒకడు ఒక విద్యాసంస్థలో సంగణకాల బాధ్యత చూస్తున్నాడు. 600 మంది పిల్లలు, 40 యంత్రాలు. ఒక్కొక్క యంత్రంలో వేరువేరు ఖాతాలు, వేరువేరు సంకేతపదాలు. బదిలీపై వెళ్ళిన ఉపాధ్యాయుని ఖాతా రెండేళ్ళ తరువాత కూడా తెరుచుకుంటున్నది. నిన్న చేరిన పిల్లకు మాత్రం ప్రవేశం లేదు. అందువల్ల పేర్లన్నీ ఒక్కచోట భద్రపరచే ఫ్రీఐపీఏ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును స్థాపించదలచాడు. గంట పనికి వారం రోజుల సన్నాహం దేనికని యాజమాన్యం అడిగిందట. "మాస్టారూ, వారికి అర్థమయ్యే తెలుగులో మీరు చెప్పండి" అని నా వద్దకు వచ్చాడు. అతని వద్ద నేర్చుకొని, వారికి చెప్పినది ఇది.

మొదటిది పేరు. యంత్రం పేరు, దాని వెనుక సంస్థ డొమైను పేరు కలిసిన పూర్తి నామం ముందే స్థిరపడాలి. స్థాపన ముగిశాక ఆ డొమైనును మార్చడం కుదరదు; మళ్ళీ మొదటినుంచి కట్టుకోవలసిందే. సంస్థ పేరు రేపు మారుతుందా అన్నది యాజమాన్యమే ఇవాళ తేల్చాలి.

రెండవది చిరునామా. సర్వరు ఐపీ సంఖ్య మారకుండా ఉండాలి. డీఎన్ఎస్‌ను పేరు అడిగితే ఆ సంఖ్య, సంఖ్య అడిగితే ఆ పేరే రావాలి. శబ్దరత్నాకరంలో పదం పట్టుకొని అర్థాన్ని చేరుకుంటాం. అమరకోశంలో అర్థం పట్టుకొని పదాలను చేరుకుంటాం. ఈ రెండు దారులూ ఇక్కడ ఒకే గుమ్మానికి చేర్చాలి.

మూడవది కాలం. ప్రవేశాన్ని ధ్రువీకరించే కెర్బెరోస్ పద్ధతి, గడియారాల మధ్య మామూలుగా 5 నిమిషాలకు మించిన తేడాను సహించదు. మన పంచాంగంలో ఒక ముహూర్తం 48 నిమిషాలు. యంత్రాల ముహూర్తం అంత ఉదారమైనది కాదు. కనుక అన్ని యంత్రాలూ ఒకే కాలమూలాన్ని చూసి గడియారం దిద్దుకోవాలి.

నాలుగవది ద్వారాలు. ఎల్డాప్‌కు 389, దాని భద్రరూపానికి 636, కెర్బెరోస్‌కు 88, 464 సంఖ్యల పోర్టులు లోపలి నెట్‌వర్కులో తెరిచి ఉండాలి. బయటి ప్రపంచానికి మూసి ఉండాలి. ఫ్రీఐపీఏ లోపల పనిచేసే డైరెక్టరీ సర్వరు 2009లో ఆ 389నే తన పేరుగా స్వీకరించింది.

ఇక యంత్రం సంగతి. యాజమాన్యం ఒక పెద్ద సర్వరు కొందామన్నది. 10,000 మంది పేర్లకే 4 జీబీ ర్యామ్ సరిపోతుందని రెడ్‌హ్యాట్ మార్గదర్శిక చెబుతున్నది. 600 మందికి ఘనమైన యంత్రం అక్కరలేదు; రెండు సామాన్యమైన యంత్రాలు కావాలి. ఒకదాని ప్రతి మరొకదానిలో ఉండాలి. రెండింటికీ వేరువేరు యూపీఎస్‌లు ఉండాలి.

ఎందుకంటే, అన్ని తలుపులకూ ఒకే తాళపుచెవి చేయించినప్పుడు అది పోతే ఇల్లంతా బయటే నిలబడుతుంది. లోగడ ఒక యంత్రం చెడితే ఒక పిల్ల ఆగేది. ఇకపై సర్వరు ఒక్కటే ఉండి అది ఆగితే, తనకు కొత్తదైన యంత్రం ముందు కూర్చున్న ప్రతి పిల్లా ఆగిపోతుంది. అది పరీక్షరోజు అయితే, ఏడాదంతా చదివిన పిల్లకు మనం ఏమని జవాబు చెప్పగలం?

రెండు యంత్రాలకు యాజమాన్యం ఒప్పుకున్నది. డొమైను పేరు మాత్రం ఇంకా తేలలేదు. అది తేలేదాకా స్థాపన మొదలుపెట్టవద్దని మావాడికి గట్టిగా చెప్పాను.