కానరాని వాకిలి

ఇంటి తాళపుచెవులు ఇల్లాలి కొంగున నుండుట మన దేశాచారము. ధాన్యపు గాదె, వంటిల్లు, బీరువా, పెట్టె, వీనిలో దేనిని ఎవరు తెరువవచ్చునో ఎవరు తెరువగూడదో ఆమెకే తెలియును. కాని యిప్పుడు మన యిండ్లకు క్రొత్తగా నొక వాకిలి యేర్పడినది. అది కంటికి గానరాదు. దాని తలుపు చప్పుడు చెవికి వినరాదు. గోడలు దాటి వీధిలోనికి, పొరుగువారి పెరటిలోనికి అది తెరచియుండును. దాని పేరు వైఫై. ఈ వాకిలి తాళపుచెవి మాత్రము అనేక గృహములలో ఇల్లాలి చేత లేదు; ఎవరి చేత నున్నదో యింటిలో నెవరికిని తెలియదు. ఈ విషయమున మాకు గలిగిన యనుభవమును మీతో ముచ్చటింప దలచితిమి.

మాది పలనాటిలోని మాచర్ల. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పలనాడు ప్రత్యేక జిల్లాయై, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. అంతకు ముందే, 2017 డిసెంబరు 27వ తేదీన, నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును ప్రారంభించిరి. గాజుతీగలను భూమిలో పాతిపెట్టక కరెంటు స్తంభముల మీదుగా లాగుట ఆ పథకమందలి విశేషము. నేడు ఆ తీగలును, ఇతర సంస్థల తీగలును ఊరూర కానవచ్చుచున్నవి. మా యింటికి వచ్చినది యెవరి తీగ యనునది యిచట నప్రస్తుతము. వెండ్రుకవలె సన్నని గాజుపోగులో వెలుగు రూపమున వార్త ప్రయాణము చేసి, గోడకు తగిలించిన చిన్న పెట్టెను చేరును. ఆ పెట్టె దానిని తరంగములుగా మార్చి యింటినిండ వెదజల్లును. దానినే రౌటరందురు.

మా కోడలు హైదరాబాదులోని యొక సంస్థ యుద్యోగమును ఇంటినుండియే చేయుచున్నది. చంటిబిడ్డ తల్లి. గత వేసవిలో ఆమె కూర్చుండు నడిమి గదిలో వైఫై మాటిమాటికి తెగిపోజొచ్చెను. పై యధికారి మాటలాడుచుండగనే కంప్యూటరు మూగవోవును. ఇట్లు పలుమారులు జరుగగా, ఊరిలో తగిన సౌకర్యము లేనిచో నగరమునకు వచ్చి పనిచేయవలసియుండునని సంస్థవారు తెలిపిరి. బిడ్డను వదలి పోవుటా, ఉద్యోగమును వదలుకొనుటా యని ఆ పిల్ల కంట నీరు పెట్టుకొనెను. తీగ వేసిన కుఱ్ఱవాడు వచ్చి చూచి, ఇంకను ఖరీదైన పెట్టె కొనవలెనని చెప్పి పోయెను. డబ్బు వెచ్చించుటకు ముందు లోపమెచట నున్నదో వెదకుదమని కోడలును మేమును పూనుకొంటిమి.

ఈ వెదకుటకు ఒక క్రమము కలదు. లోపము వీధిలో నున్నదా, పెట్టెలో నున్నదా, ఇంటి గోడలలో నున్నదా యని మొదట తేల్చుకొనవలయును. పెట్టె ముందుభాగమున చిన్న దీపములుండును. వానిలో ఎల్, ఓ, ఎస్ అను మూడక్షరముల చెంత ఎఱ్ఱదీపము వెలిగినచో, గాజుతీగలో వెలుగు వచ్చుటలేదని యర్థము. ఎత్తుగా గడ్డి వేసికొని పోవు లారీ తగిలి వీధిలో తీగ తెగియుండవచ్చును. లేదా యింటిలోనే తీగ మిక్కిలి వంగి నలిగియుండవచ్చును. తీగ తెగినప్పుడు మనమేమి చేసినను ఫలము లేదు. సంస్థవారికి కబురు చేయవలసినదే. ఎఱ్ఱదీపము లేనిచో, పెట్టెకు కరెంటు ఆపి, అరనిమిషము తాళి మరల నీయవలెను. చిన్న చిక్కులు పెక్కు దీనితోనే తీరును. అప్పటికిని తీరనిచో, సెల్‌ఫోను పట్టుకొని పెట్టె చెంతనే నిలిచి చూడవలెను. దగ్గర బాగుండి దూరమున చెడినచో ఆ లోపము గోడలది.

మా యింట జరిగినది యిదియే. మాది పూర్వులు కట్టిన యిల్లు. రెండడుగుల మందముగల రాతిగోడలు. రెంటచింతల యెండలు మండు ఈ సీమలో మమ్ము చల్లగా కాపాడిన ఆ గోడలే వైఫైని లోనికి రానీయకున్నవి. దానికితోడు ఆ కుఱ్ఱవాడు పెట్టెను ముందుగదిలో, టీవీ వెనుక, ఇనుప బీరువా ప్రక్కన అమర్చి పోయియుండెను. లోహము ఈ తరంగములను త్రిప్పికొట్టును. దళసరి రాయియు, నీటి తొట్లును వానిని మ్రింగివేయును. కావున పెట్టెను నడిమి గది గుమ్మమున కెదురుగా, తలకంటె నెత్తున, గాలి తగులుచోట పెట్టించితిమి. మన వేసవిలో మూసిన అలమరలో పెట్టె వేడెక్కి ఆగిపోవుటయు కలదు.

మఱియొక సంగతి. ఈ పెట్టె సాధారణముగా రెండు విధముల తరంగములను వెలువరించును. 2.4 గిగాహెర్ట్జ్ అనునది వేగము తక్కువైనను గోడలు దాటి కొంత దూరము పోగలదు. 5 గిగాహెర్ట్జ్ అనునది వేగవంతమైనను గోడ యడ్డమైనచో చతికిలబడును. దూరపు గదికి మొదటిది, పెట్టె యున్న గదికి రెండవది తగును. మైక్రోవేవు పొయ్యియు మొదటిదానికి సమీపమైన తరంగములతోనే వండును గనుక, అది పనిచేయుచున్నంతసేపు దాని దరి వైఫై తడబడుట వింత కాదు.

నడిమి గదిలో వైఫై కుదుటబడినది; క్రొత్తపెట్టె కొను పని తప్పినది. కాని రాత్రి యెనిమిది దాటగనే మరల మందగించుచుండెను. అప్పుడు కోడలు, మన వైఫైని ఏయే యంత్రములు వాడుచున్నవో తెలుపు పట్టికను తెరచి చూపెను. మా యింట సెల్‌ఫోనులు నాలుగు, కంప్యూటరొకటి, టీవీ యొకటి, వెరసి ఆరు. పట్టికలో పదుమూడు కనబడినవి!

తాళమును ఎవరును పగులగొట్టలేదు. తీగ వేసిన కుఱ్ఱవాడు మా వారి సెల్‌ఫోను సంఖ్యనే పాస్‌వర్డుగా నుంచి పోయెను. ఆ సంఖ్య మా విత్తనముల దుకాణపు పలకమీద మూరెడు అంకెలతో వ్రాసియున్నది. తాళపుచెవిని వీధిగుమ్మమునకు వ్రేలాడదీసినట్లే గదా!

వెంటనే మార్చుదమనగా మా అత్తగారు వారించిరి. "అమ్మాయీ! బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన గడ్డ యిది. ఎవరి పసివాండ్రో చదువుకొనుచుందురు. ఉన్నదానిని నలుగురితో పంచుకొనక కట్టివేయుట యెందుకమ్మా?" అనిరి. ఆ మాట కొట్టివేయదగినది కాదు. పొరుగింటి పిన్నిగారి మనుమడు మా యరుగుమీద కూర్చుండి పాఠములు వినుట మేమెరుగుదుము. తక్కిన యారుగురెవరో యెరుగము. అదియే చిక్కు.

2008వ సంవత్సరము జూలై 26వ తేదీన అహమ్మదాబాదులో వరుసగా బాంబులు ప్రేలి యనేకులు మరణించిరి. అందుకు కొన్ని నిమిషములు ముందు వార్తాసంస్థలకు బెదరింపు ఈమెయిలు వచ్చెను. పోలీసులు జాడ తీయగా అది నవీ ముంబయిలోని యొక గృహస్థుని వైఫైనుండి పోయినట్లు తేలినది. ఆయనను పలుమారులు ప్రశ్నించిరి. తాళములేని ఆ వైఫైని ఇతరులు వాడుకొనిరని పిమ్మట తేలినది గాని, ఆ లోపల ఆ కుటుంబము పడిన వేదన యెవరు తీర్చగలరు? మన వాకిటినుండి పోయిన ప్రతి యుత్తరముమీదను మన యింటి చిరునామాయే యుండును. ఈ కథ చెప్పగా అత్తగారు కొంతసేపు ఊరకుండి, "అట్లయిన ఆ పసివాని మాటేమి?" అనిరి.

దానికిని మార్గము కలదు. పూర్వము మన యిండ్లకు అరుగులుండెడివి. బాటసారి అరుగుమీద విశ్రమించును. లోపలి గదులలోనికి రాడు. చాల రౌటర్లలో అతిథులకై వేరొక వైఫైని ఏర్పరుపవచ్చును. దానిని వాడువారికి బయటి ప్రపంచము అందును గాని, ఇంటి కంప్యూటరు, టీవీ మున్నగునవి సామాన్యముగా అందవు. అయినను అరుగునుండి పోవు ఉత్తరమునకును మన చిరునామాయే గనుక, దానికిని తాళము వేసి, ఎరిగినవారికే చెవి యీయవలెను.

ఇక ఇంటి తాళము. ఇందు రెండు చెవులు గలవు. ఒకటి వైఫై పాస్‌వర్డు. రెండవది పెట్టె లోపలి యమరికలను మార్చు అడ్మిన్ పాస్‌వర్డు. దీనిని పలువురు మరతురు. దీనిని చేజిక్కించుకొన్నవాడు మనలను బ్యాంకునకు మారుగా దొంగ వాకిటికి మరల్ప యత్నింపవచ్చును. రెంటిని వేర్వేరుగా మార్చవలెను. పేర్లు, పుట్టినతేదీలు, ఫోను సంఖ్యలు పనికిరావు. ఒకదానితో నొకటి పొసగని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములతో కలిపి వ్రాసినచో మనకు జ్ఞాపకముండును, పరునికి ఊహకందదు. తాళపు జాతియు చూడవలెను. డబ్ల్యు.ఇ.పి. అను పాతది బలహీనమని 2001లోనే తేలినది. 2004లో వచ్చిన డబ్ల్యు.పి.ఏ.2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఏ.3 గాని యుండవలెను. డబ్ల్యు.పి.ఎస్. అను సులభమార్గమును ఆపివేయుట మేలు. దాని యెనిమిదంకెల సంఖ్యను సుమారు 11,000 ప్రయత్నములలో కనుగొనవచ్చునని 2011లో బయటపడినది.

ఇదంతయు కోడలు అరగంటలో ముగించెను. పట్టికలో మరల ఆరే నిలిచినవి. పిన్నిగారి మనుమనికి అరుగు తాళపుచెవిని అత్తగారే స్వయముగా చీటిమీద వ్రాయించి యిచ్చిరి. కోడలు బిడ్డను ఒడిలో నుంచుకొని తన పని తాను చేసికొనుచున్నది.

సోదరీమణులు ఇది మగవారి పని యనియో, చదువుకొన్నవారి పని యనియో విడిచిపెట్టగూడదు. పెట్టె యెచటనున్నదో చూడుడు. పట్టికలో ఎందరున్నారో లెక్కించుడు. పాస్‌వర్డు ఎవరు పెట్టినదో విచారింపుడు. క్రొత్తగా పెట్టిన రెంటిని ఒక చీటిపై వ్రాసి, నగలపెట్టె తాళముతోకూడ భద్రపరచుకొనుడు.