సెంటరా? వింగా?

హాకీ అంటే మన తరానికి గుర్తొచ్చేది ధ్యాన్‌చందే. మేముండే డెట్రాయిట్ శివార్లలో మాత్రం హాకీ అంటే మంచు, స్కేట్లు, రెడ్ వింగ్స్! మావాడికి ఏడేళ్ళప్పుడు పట్టుకున్న ఆ పిచ్చి పధ్నాలుగేళ్ళొచ్చినా వదల్లేదు. శనివారం పొద్దున్నే ఐదింటికి రింకు పక్కన బెంచీ మీద, శాలువా కప్పుకుని, థర్మాస్ పట్టుకుని కూర్చునే తెలుగు తల్లిని నేనే. వాడి హాకీ సంచీ వాసన గురించి మాత్రం ఇక్కడ రాయను...

ఆట తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. మంచు మీద ఒక్కో జట్టుకి ఆరుగురు. గోలీ, ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఫార్వర్డ్‌లలో ఇద్దరు వింగర్లు, చెరో అంచునా దూసుకెళ్తారు. మధ్యలో వాడు సెంటర్. ఫేసాఫ్‌లో పక్ కింద పడగానే దక్కించుకోవాలి, వింగర్లకి అందించాలి, అది చేజారితే వెనక్కొచ్చి సొంత గోల్ దగ్గర సాయపడాలి. అదీ ముప్పావు నిమిషంలో! ఆపైన రొప్పుతూ బెంచీ మీద కూలబడితే ఇంకో ముగ్గురు దిగుతారు. బెజవాడ నుంచి వచ్చిన మా మామయ్యగారు చూసి, "కబడ్డీ కూతేనమ్మా, మంచు మీద!" అన్నారు. అంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు.

పోయిన శీతాకాలం కోచ్ మావాణ్ణి లెఫ్ట్ వింగ్ నుంచి సెంటర్‌కి మార్చాడు. గోల్స్ సగానికి పడిపోయాయి. వాడి దేవుడు ఒవెచ్కిన్, లెఫ్ట్ వింగర్. 2025 ఏప్రిల్ 6న 895వ గోల్ కొట్టి గ్రెట్స్కీ రికార్డు దాటినప్పుడు మా ఇంట్లో దీపావళే! "ఇక నన్నెవరూ చూడరమ్మా" అని కార్లో ఒకటే ఏడుపు.

మావారు 1996లో ఈ ఊరొచ్చారు. ఆయన చెప్పిన కథ ఇది. రెడ్ వింగ్స్ కెప్టెన్ స్టీవ్ ఐజర్మన్ సెంటర్. 1988-89లో 65 గోల్స్, 90 అసిస్టులు. 1993లో స్కాటీ బౌమన్ కోచ్‌గా వచ్చాక డిఫెన్స్ మీద దృష్టి పెట్టాడు, పాయింట్లు తగ్గాయి. 1997లో డెట్రాయిట్‌కి 42 ఏళ్ళ తర్వాత స్టాన్లీ కప్ వచ్చింది. 2000లో ఉత్తమ డిఫెన్సివ్ ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీ కూడా ఆయనకే.

మావాడు ఊరుకుంటాడా? తనే వెతికి మన పంజాబీ మూలాలున్న మానీ మల్హోత్రాని పట్టుకొచ్చాడు. 1998 డ్రాఫ్ట్‌లో ఏడోవాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 991 మ్యాచ్‌లు, 116 గోల్సే! ఫేసాఫ్‌లు గెలవడం, అవతలివాళ్ళని ఆపడం... అన్నేళ్ళు నిలబెట్టింది అదే.

అసలు చిక్కు వేరే ఉంది. వేరే రాష్ట్రంలోని ఒక హాకీ అకాడమీ వీణ్ణి రమ్మంటోంది. వెళ్తే ఎవరింట్లోనో ఉండాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు, అంటే ప్రపంచం మొత్తానికీ ఏడాదికి 224 మంది. ఐఐటీ సీటే నయం! కాలేజీ హాకీ ఉందిగా అంటారు మావారు. 2025 నుంచి కెనడా మేజర్ జూనియర్ ఆటగాళ్ళని కూడా అక్కడ ఆడనిస్తున్నారు, ఆ దారీ ఇరుకైంది.

అకాడమీ కాగితాలు ఫ్రిజ్ మీదే ఉన్నాయి, నేనింకా సంతకం పెట్టలేదు. రోజూ రాత్రి గరాజ్‌లో తండ్రీకొడుకులు ఫేసాఫ్‌కి వంగుతారు, పక్ వదిలేది నేను. పదిసార్లలో తొమ్మిదిసార్లు మావారే ఓడిపోతున్నారు.