గంప మూయని రాత్రి

మా నల్లపెట్ట గుడ్లు మానేసిందని పదిరోజులుగా విసుక్కుంటున్నాను. ఒక రాత్రి గంప మూయడం మరిచాను. తెల్లారేసరికి పెట్ట లేదు. ముంగిస ఎత్తుకుపోయిందని ఇంట్లో అందరూ నన్నే తిట్టారు. సరిగ్గా మూడు వారాల తర్వాత, వీపున గడ్డిపరకతో, గడ్డివాము సందులోంచి దర్జాగా దిగింది. వెనకాల తొమ్మిది పిల్లలు! అది మానేసింది గుడ్లు కాదు, మాకు చూపించడం. నేను గంప మూసి ఉంటే ఆ గుడ్లు అక్కడే మురిగిపోయేవి.

ఇలా కలిసొచ్చిన పొరపాటు ఇంకొకటుంది. 1923లో అమెరికాలోని డెలావేర్‌లో సిసిల్ స్టీల్ అనే ఇల్లాలు గుడ్ల కోసం 50 కోడిపిల్లలు అడిగితే, పొరపాటున 500 వచ్చాయట. ఆమె వెనక్కి పంపలేదు. షెడ్డు వేయించి, పెంచి, రెండేసి పౌండ్లు తూగాక మాంసానికి అమ్మింది. అక్కడి బ్రాయిలర్ వ్యాపారానికి అదే నాంది అంటారు.

పొరపాట్లు అందరి పెరట్లోనూ జరుగుతాయి. కొన్నిటిని పారేస్తాం, కొన్నిటిని పొదుగుతాం. ఏది మురిగిందో, ఏది పిల్లవుతుందో 21 రోజులు ఆగితేగాని తెలియదు. ఆ ఓపిక నాకంటే మా నల్లపెట్టకే ఎక్కువ.