ఇల్మ్‌కీ అమల్‌కీ మధ్య ఒక కొళాయి

అబ్బాకు తుంటి ఆపరేషన్ అయిన మూడో రాత్రి. మా అనంతపురం జిల్లాలోనే ఒక ఆస్పత్రి వార్డు. దుప్పటి సర్దుదామని యూరిన్ బ్యాగు తీసి మంచం మీద పెట్టాను. సిస్టర్ పరుగున వచ్చింది.

"అన్నా, కిందికి దించండి! సంచిలోది వెనక్కి పోతే ఇన్ఫెక్షన్ వస్తుంది. నేలకూ తగలనీయొద్దు."

సిగ్గుపడ్డాను. పాత్రికేయుడి ఆదత్ ఊరుకోదు కదా, ఇంకేం జాగ్రత్తలున్నాయని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టింది: రోగిని ముట్టుకునే ముందు, సూదీ గొట్టం పెట్టే ముందు, రక్తమో మూత్రమో తగిలే పని అయ్యాక, రోగిని ముట్టుకున్నాక, చివరికి అతని మంచమో బల్లో ముట్టుకున్నాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పిన అయిదు సందర్భాలివే. ద్రావణమైతే 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి, సబ్బూ నీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు.

ఇల్మ్‌లో కమీ లేదు. మరి అమల్?

ఆ రాత్రి ముప్పై మందికి పైగా రోగులు, ఇద్దరే సిస్టర్లు. సాయంత్రం నుంచీ కొళాయిలో నీళ్లు లేవు. రెండింటికల్లా ద్రావణం సీసా కూడా ఖాళీ. ఆ తర్వాత అదే అమ్మాయి అవే చేతులతో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లడం చూశాను. ఆమె ముఖంలో నిర్లక్ష్యం లేదు, మజ్బూరీ ఉంది.

నీళ్లు లేకపోతే వజూకు బదులు పాక్ మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చని చిన్నప్పుడు నేర్చుకున్నాం. కరువు సీమ వాళ్లం, మాకది తొందరగా అర్థమైంది. చేతులకు మురికి కనిపించనంత వరకూ ద్రావణం చాలు. రక్తమో మలమో అంటితే మాత్రం సబ్బూ నీళ్లే కావాలి. అక్కడ తయమ్ముమ్ చెల్లదు.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి బాలింతల మరణాలు బాగా తగ్గించాడు. తోటి డాక్టర్లలో చాలామంది ఆయన మాట నమ్మలేదు. ఇవాళ అందరూ నమ్ముతారు. కొళాయి ఎండిపోయింది, అంతే.

అయిదో రోజు అబ్బాకు చలిజ్వరం. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని పరీక్షలో తేలింది. ఎవరి చెయ్యి? ఆ అమ్మాయిదా, బ్యాగు పైకెత్తిన నాదా? అల్లాకే తెలుసు. షుకర్, అబ్బా ఇంటికొచ్చారు.

ఇప్పుడు ఎవరి ఇయాదత్‌కు వెళ్లినా ముందు చేతులు కడుక్కుంటాను. అయినా ఒక బరువు దిగలేదు. ఇన్నేళ్ల నౌకరీలో 'నర్సుల నిర్లక్ష్యం' అని ఎన్ని హెడ్డింగులు పెట్టానో! ఒక్కసారి కూడా ఆ వార్డులో కొళాయి తిప్పి చూడలేదు.