ప్యాకేజీలో లేని ఊరు

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. రైల్లో వెళ్తే యాభైకి పైగా సొరంగాలు, ప్రతిదానికీ బోగీ అంతా ఒకటే అరుపులు! ఈ లైను వేసింది మనలాంటి టూరిస్టుల కోసం కాదట. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికని గైడన్న చెప్పాడు.

అరకులో గిరిజన మ్యూజియం, భోజనం, పదిహేను నిమిషాల థింసా. తిరుగు దారిలో బస్సు అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆగింది. సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు చూస్తుండగానే హారన్. ఇంకా బొర్రా గుహలు మిగిలున్నాయి మరి.

"మీది ఏ ఊరన్నా?" అని అడిగా.

"ఆ కొండ వెనకాలే తమ్ముడూ. ప్యాకేజీలో లేదులే," అని నవ్వాడు.

అరకు చూశామని అందరం స్టేటస్ పెట్టుకున్నాం. చూసింది మాత్రం బస్సు ఆగిన చోట్లే. ఈసారి ఆ కొండ వెనక్కి వెళ్లాలి, ఆయన రమ్మంటే.